బావి మనదైనా బంకులో ధర మనది కాదు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన సోమందేపల్లె మీదుగా పోయే పెద్దరోడ్డు పట్టుకొని బెంగళూరు దిక్కుకు పోతే, పాలసముద్రం, కొడికొండ చెక్‌పోస్టు దాటినాక కర్నాటక వస్తుంది. అక్కడ బాగేపల్లి వైపు బంకుల్లో పెట్రోలు మనకంటే చవక. 2025లో ఈ తేడా లీటరుకు సుమారు ఆరు రూపాయలు. లారీలవాళ్లు, కార్లవాళ్లు ఎలాగో ఆ సరిహద్దు దాటేదాకా నెట్టుకుపోయి, అక్కడ ట్యాంకు నింపుకుంటారు. ఇది మనకందరికీ తెలిసిన సంగతే. అయితే దీనిలో ఒక విడ్డూరం ఉంది, గమనించారో లేదో.

కర్నాటకలో చమురు బావి ఒక్కటి కూడా లేదు. చమురు బావులు ఉండేది మన ఆంధ్రలో. కోనసీమ కొబ్బరితోటల మధ్య ఉన్నాయి, కృష్ణా జిల్లా పొలాల్లో ఉన్నాయి, కాకినాడకు ఎదురుగా నడిసముద్రంలో ఉన్నాయి. బావులున్న రాష్ట్రంలో పెట్రోలు ప్రియం, బావి లేని రాష్ట్రంలో చవక! మరి "మన దేశంలోనే ఇంకా బావులు తవ్వి చమురు తీస్తే పెట్రోలు ధర దిగుతుంది" అనే మాట ఎంతవరకు నిజం? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

2024 జనవరి 7వ తేదీన కాకినాడ తీరానికి ఆవల, ఓఎన్‌జీసీ వారి కొత్త సముద్రపు బావుల నుంచి మొదటిసారి చమురు పైకి వచ్చింది. ఆ వార్త విని మా వీధిలో ఆటో తోలే పిల్లవాడు "ఇంక మన పెట్రోలు మనదే పిన్నమ్మా, రేటు దిగాల్సిందే" అన్నాడు. చెనిక్కాయ పండించే మా వదినె ఒకామె "ట్రాక్టరు బాడుగ ఏమన్నా తగ్గుతాదంటావా?" అని అడిగింది. ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మనది మెట్టసీమ. జూన్, జూలైలో ఒక్క పదును వాన పడితే, ఆ తడి ఆరకముందే దున్నాలి, విత్తాలి. ఎద్దులు ఏనాడో సంతకు పోయినాయి. ఊరంతటికీ ఒకే రోజు ట్రాక్టరు కావాలి. ఆ రోజు డీజిలు ధర ఎంతుంటే అంతా పెట్టాల్సిందే గానీ, వచ్చే వారం చూద్దాంలే అనడానికి వీలులేదు. వానకు మళ్లీ రమ్మని కబురు పెట్టలేము గదా!

అందుకని ఈ విషయాన్ని కొంచెం నిదానంగా, మన ఇంటి లెక్కలోనే చూద్దాం.

మీ చేనుగట్టున ఒక చింతచెట్టు ఉందనుకోండి. కాయ రాల్చి, పెంకు తీసి, గింజ కొట్టి, పండు గంపకెత్తుతారు. దాన్ని ఏ ధరకు అమ్ముతారు? ఆ వారం హిందూపురం మార్కెట్టులో కరిపులికి ఏ ధర పలికితే ఆ ధరకు. ఎదురింటావిడ వచ్చి "చెట్టు మన ఊళ్లోదే కదమ్మా, సగం ధరకియ్యి" అంటే నవ్వి ఊరుకుంటారు. హిందూపురంలో నూరు వచ్చేదాన్ని ఇంటి ముందర యాభైకి ఎవరిస్తారు? పోనీ, మీరు ఇంకో రెండు చెట్లు నాటారు, అవీ కాపుకొచ్చాయి. దానివల్ల హిందూపురం ధర దిగుతుందా? దిగదు. లారీలకు లారీలు సరుకు వచ్చిపడే చోట మన రెండు గంపలు ఏమూలకు?

చమురు సంగతీ అచ్చంగా ఇదే. దానికి హిందూపురం వంటి మార్కెట్టు ప్రపంచమంతా కలిపి ఒకటి. పీపాల లెక్కన బేరం జరుగుతుంది. ఒక పీపా అంటే 159 లీటర్లు. కాకినాడ దగ్గర తీసినా, రాజస్థాన్ ఎడారిలో తీసినా, అరబ్బు దేశం నుంచి ఓడలో వచ్చినా, ముడి చమురుకు కట్టే వెల ఆ ప్రపంచపు ధరను బట్టే ఉంటుంది. పూర్వం ఇలా ఉండేది కాదు. ప్రభుత్వమే ఇంత ఖర్చు, ఇంత లాభం అని లెక్కగట్టి ధర నిర్ణయించేది. 2002 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి తీసేశారు. పెట్రోలు ధరను 2010 జూన్‌లోను, డీజిలు ధరను 2014 అక్టోబరులోను కంపెనీలకే వదిలిపెట్టారు. కంపెనీలంటే ఎక్కువభాగం ప్రభుత్వానివే అనుకోండి. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ ధరలు కదలకుండా నిలబడిపోవడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. అది వేరే కథ.

ఇక గంపల లెక్క. కాకినాడ దగ్గర ఆ కొత్త బావులు బాగా పారినప్పుడు రోజుకు 45,000 పీపాలు ఇస్తాయని చెప్పారు. వినడానికి పెద్దమాటే. కానీ మన దేశం రోజుకు వాడేది 50 లక్షల పీపాలకు పైన! అంటే నూటికి ఒక పాలు కూడా కాదు. దేశంలోని బావులన్నీ కలిపి తీసినా 2023-24లో వచ్చింది 2 కోట్ల 94 లక్షల టన్నులు. వాడకం 23 కోట్ల టన్నులు దాటింది. మనకు కావలసిన నూరు బిందెల్లో ఎనభై ఎనిమిదింటి దాకా బయటి నుంచి తెచ్చుకొనేవే.

"ఇంకా తవ్వితే పెరగదా?" అంటారు. పెరగవచ్చు. కానీ చమురు బావి గూడా మన బోరు వంటిదే. మొదట్లో ఎగజిమ్ముతుంది, తర్వాత తర్వాత సన్నగిల్లుతుంది. బొంబాయి సముద్రంలో 1974లో కనిపెట్టిన నిక్షేపమే ఇన్నేండ్లుగా మనల్ని సాకుతూ వచ్చింది, ఇప్పుడది ముసలిదైంది. కొత్త బావులు తవ్వేదంతా పాతబావులు తగ్గిన దాన్ని పూడ్చడానికే సరిపోతున్నది. 2011-12లో 3 కోట్ల 80 లక్షల టన్నులు తీసిన దేశం, పన్నెండేండ్ల తర్వాత మూడు కోట్లకు దిగువకు వచ్చిందంటే కారణం అదే. మన సీమలో బోరు మీద బోరు వేసి నష్టపోయిన ఇండ్లు ఎన్ని లేవు? ఆ అనుభవం ఉన్నవాళ్లకు దీన్ని వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

సరే, లెక్కలు పక్కన పెట్టి, జరిగినదే చూద్దాం. దేశంలో చమురు ఎక్కువ వచ్చిన కాలం ఒకటి ఉంది గదా, అప్పుడు ధర దిగిందా?

2009 ఆగస్టులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో పెద్ద బావులు పారడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి రెండు మూడేండ్లు దేశం తీసే చమురు బాగా పెరిగింది. ఆ 3 కోట్ల 80 లక్షల టన్నులు అప్పటి మాటే. మరి పెట్రోలు? 2009 జూలైలో ఢిల్లీలో లీటరు 45 రూపాయల దగ్గర ఉండింది. 2012 మే నెలలో 73 అయింది. మన చమురు పెరిగింది, ధరా పెరిగింది. ఎందుకంటే ప్రపంచంలో పీపా ధర నూరు డాలర్లు దాటిపోయింది, పైగా పెట్రోలు ధరకు పగ్గం కూడా ఆ మధ్యనే విప్పారు. తర్వాత 2014 నడుమ నుంచి 2016 జనవరి దాకా పీపా ధర 110 డాలర్ల నుంచి 30 లోపుకు పడిపోయింది. ఆ కాలంలో మన దేశపు బావుల్లో చమురు పెరగలేదు, పైగా కొంచెం తగ్గింది. అయినా పెట్రోలు ధర దిగింది. 73 నుంచి 60 దగ్గరికి వచ్చింది.

"పీపా ధర నాలుగోవంతుకు పడితే మన ధర అంతేనా దిగింది?" అని మీకు సందేహం రావాలి. రావాలనే చెప్పినాను. 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపల కేంద్రప్రభుత్వం పెట్రోలు, డీజిలు మీద ఎక్సైజు సుంకం తొమ్మిదిసార్లు పెంచింది. దిగిన ధరలో పెద్ద వాటా అటే పోయింది. 2020లో కరోనా వచ్చి చమురు కొనేవాళ్లు లేక ధర కుప్పకూలినప్పుడూ ఇంతే. మార్చి, మే నెలల్లో కలిపి పెట్రోలు మీద లీటరుకు 13 రూపాయల సుంకం వేశారు. మనకు తగ్గవలసింది మనదాకా రానేలేదు.

ఇంకొక చిత్రం చెప్తాను. ఆ 2014లో ప్రపంచపు ధర పడిపోవడానికి ఒక ముఖ్యకారణం అమెరికా. టెక్సాస్ వంటి చోట్ల బండరాళ్ల పొరలు పగలగొట్టి చమురు తీసే పద్ధతి పట్టుకొని, ఆరేడేండ్లలో తమ చమురును రమారమి రెట్టింపు చేసుకున్నారు. అది రెండు గంపలు కాదు, లారీలకు లారీలు. కాబట్టి మార్కెట్టే కదిలింది. అంటే తవ్వితే ధర దిగడమనేది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ దిగుబడి అంత పెద్దదిగా ఉండాలి, అప్పుడు దిగేది అందరికీ దిగుతుంది. నిజం చెప్పాలంటే మన సోమందేపల్లె బంకులో ధరను కాకినాడ బావులకంటే టెక్సాస్ బావులే ఎక్కువ కదిలించాయి.

మరి ఆ అమెరికా వాళ్లకైనా ధర చెప్పుచేతల్లో ఉందా? 2018 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీసే దేశం అదే. అయినా 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి పోయేసరికి, ఆ జూన్ నెలలో అమెరికాలో పెట్రోలు గ్యాలను అయిదు డాలర్లు దాటింది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగు పిల్లలు చమురు బావుల పక్కనే కాపురముంటూ కూడా ప్రియమైన ధరే కట్టారు.

ఇక్కడ మీలో కొందరు కువైట్ సంగతి ఎత్తుతారు. న్యాయమే. మన రాయచోటి, కదిరి, కడప వైపుల నుంచి ఎంతమంది ఆడబిడ్డలు ఇండ్లలో పనికని అక్కడికి పోయి ఉన్నారు! అక్కడ పెట్రోలు ఎంత చవకో వాళ్లే చెప్తారు. నిజమే, కానీ అది నేలలో చమురు ఉన్నందువల్ల దానంతట అది చవక కాలేదు. అక్కడి ప్రభుత్వమే ధర కట్టడి చేసి తన జనానికి తక్కువకు ఇస్తున్నది. కొద్దిపాటి జనం, కొండంత చమురు, వాళ్లకు చెల్లింది. నార్వే దేశంలోనూ చమురు బోలెడంత ఉంది. కానీ వాళ్లు పెట్రోలు మీద బాగా పన్ను వేసి, ప్రపంచంలో చాలా ప్రియంగా అమ్మే దేశాల్లో ఒకటిగా ఉన్నారు. చమురు అమ్మిన డబ్బును రాబోయే తరాలకని నిధి కట్టి దాచారు. రెండు దేశాలకూ చమురుంది. ఒకచోట చవక, ఒకచోట ప్రియం. ధర ఎక్కడ తేలుతున్నదో దీన్నిబట్టి చూడండి.

"మన ఓఎన్‌జీసీ మన సర్కారుదే కదా, ఆ నూటికి పన్నెండు పాళ్లన్నా మనకు తక్కువకు ఇప్పించరాదా?" అని అడగవచ్చు. దీన్నీ లెక్క వేసి చూద్దాం. పీపా 70 డాలర్లు, డాలరు 86 రూపాయలు అనుకోండి. లీటరు ముడిచమురు సుమారు 38 రూపాయలు అవుతుంది. మన బావుల చమురంతా సగం ధరకే ఇచ్చారనుకోండి. ఆ లీటరు మీద 19 రూపాయలు మిగులుతుంది. కానీ అది నూరు లీటర్లలో పన్నెండింటి మీదే. మొత్తం మీద పంచితే లీటరుకు వచ్చేది రెండుంబావు రూపాయలు. దానికోసం ఆ కంపెనీ తన రాబడిలో సగం పోగొట్టుకోవాలి, ఇంక కొత్త బావులు తవ్వడానికి డబ్బు ఉండదు. వెనక చాలా ఏండ్లు కొంతవరకు ఇదే చేశారు. ఓఎన్‌జీసీ చేత నష్టం కొంత భరింపజేసి, కొంత ప్రభుత్వం అప్పుపత్రాలు రాసిచ్చి, ధరలు అణిచిపెట్టారు. ఆ అప్పుపత్రాలు తీర్చిందీ చివరకు మన పన్నుల్లోనుంచే.

2022లో ఇంకోలా జరిగింది. యుద్ధం వల్ల ప్రపంచపు ధర ఎగిరినప్పుడు మన బావుల చమురు అమ్మే కంపెనీలకూ అదే ధర దొరికింది. తవ్విన ఖర్చు పాతదే, వచ్చే వెల కొత్తది. చింతపండు ధర ఎగిరిన ఏడు చెట్టున్నవాళ్లకు పండుగ అయినట్లన్న మాట. ఆ లాభం మీద కేంద్రం 2022 జూలై 1 నుంచి టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక సుంకం వేసింది. అది హెచ్చుతూ తగ్గుతూ వచ్చి, 2024 డిసెంబరులో రద్దయింది. గమనించండి: మన బావి లాభం కంపెనీకి పోయింది, కంపెనీ నుంచి ఖజానాకు పోయింది. బంకు దగ్గర నిలబడిన మనిషి దాకా నేరుగా వచ్చే దారి అందులో లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన సరిహద్దు తేడా దగ్గరికి వద్దాం. 2025లో మన వైపు పెట్రోలు లీటరు 109 రూపాయల చుట్టుపక్కల ఉండింది. అందులో కేంద్రపు ఎక్సైజు సుంకం 2025 ఏప్రిల్ నుంచి 21 రూపాయల 90 పైసలు. బంకు యజమాని కమిషను నాలుగు రూపాయల పైచిల్లర. వీటన్నిటినీ కలిపిన మొత్తం మీద మన రాష్ట్రప్రభుత్వం వ్యాటు 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల పేరుమీద ఇంకో రూపాయి. అంటే రాష్ట్రానికి పోయేది 30 రూపాయలకు కొంచెం అటూఇటూ. రెండు సర్కార్ల పన్నులూ కలిపితే యాభైకి పైనే. సుంకం మీద కూడా మళ్లీ వ్యాటు పడుతుంది, అంటే పన్ను మీద పన్ను! శాతం లెక్క గనుక ప్రపంచపు ధర పెరిగితే రాష్ట్రానికి రాబడి దానంతటదే పెరుగుతుంది. కర్నాటక 2024 జూన్‌లో తన పన్ను పెంచింది, అయినా మన కంటే తక్కువే. అందుకే బాగేపల్లిలో ఆ ఆరు రూపాయలు తక్కువ. బావి ఉన్నందుకూ కాదు, లేనందుకూ కాదు.

డీజిలులోనూ తేడా రమారమి అంతే. ట్రాక్టరు దున్నేటప్పుడు గంటకు అయిదు లీటర్లు తాగుతుందనుకుంటే గంటకు ముప్పై రూపాయలు. కాకినాడ బావులన్నీ నిండుగా పారినా మన వదినెలకు ఈ ముప్పై రూపాయలు రావు. పన్ను కాయితం మీద ఒక్క సంతకంతో వస్తాయి.

పన్నులే వద్దని నేనడం లేదు. బళ్లకు, ఆసుపత్రులకు, పింఛన్లకు డబ్బు ఎక్కడినుంచో రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి మనం పల్లెవెలుగు బస్సులో టికెట్టుకు డబ్బు ఇవ్వకుండా హిందూపురం పోయి వస్తున్నామంటే, ఆ బస్సులో పోసే డీజిలు ఊరికే రావడం లేదు గదా. నా బాధ వేరు. పన్ను వేస్తే పన్ను అని చెప్పి వేయాలి. ధర ఎక్కువెందుకని అడిగిన వాళ్లకు "బావులు తవ్వుతున్నాం, ఓపిక పట్టండి" అని చెప్పడం సరికాదు. ఇంకొక మాట. పెట్రోలు మీద వేసే పన్ను ఉన్నవాడూ లేనివాడూ అని చూడదు. కారులో తిరిగే ఆసామీ, కుట్టుపనికి మోపెడ్డు మీద పోయే పిల్లా లీటరుకు ఒకే పన్ను కడతారు.

అయితే బావులు తవ్వడం దండగా? కాదు. మన బావిలో వచ్చిన ప్రతి పీపాకూ అంత మేర విదేశాలకు డాలర్లు కట్టే పని తప్పుతుంది. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోతే కొంతయినా ఇంట్లో ఉంటుంది. గోదావరి వైపు బావుల్లో చమురుకంటే గ్యాసే ఎక్కువ. ఆ గ్యాసుతో యూరియా చేస్తారు, కరెంటు తీస్తారు. అయితే దాన్నీ నమ్ముకొని కూర్చోరాదు. 2009లో రిలయన్సు వారి సముద్రపు బావుల్లో గ్యాసు మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డారో! నాలుగైదేండ్లకే అది అడుగంటి, దాన్ని నమ్ముకొని కట్టిన కరెంటు కర్మాగారాలు గోదావరి జిల్లాల్లో మూతపడి నిలిచిపోయాయి.

బావులు తవ్వే చోట కాపురముండే ఆడవాళ్లను కూడా ఒకసారి తలుచుకోవాలి. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి నిప్పంటుకుంది. 65 రోజులు ఆ మంట ఆరలేదు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఇండ్లు, గొడ్లు విడిచిపెట్టి పోవలసివచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే వైపు నగరం గ్రామంలో గెయిల్ వారి గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది నిద్రలోనో, పొయ్యి రాజేసే వేళలోనో కాలిపోయారు. ఆ నగరానికి కూతవేటు దూరంలోనే తాటిపాక ఉంది. ఓఎన్‌జీసీ అక్కడ ఒక చిన్న రిఫైనరీ కూడా పెట్టింది. ఆ ప్రాంతపు బావుల చమురు కొంత ఆ ఊళ్లోనే శుద్ధి అవుతుంది.

తాటిపాక బంకులో పెట్రోలు పోయించుకునే వాళ్లూ మనం కట్టే పన్నులే కడతారు. నేలమీది బావుల చమురుకు వచ్చే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. కాకినాడ ఎదుట ఉన్నటువంటి సముద్రపు బావులదైతే అంతా కేంద్రానికే పోతుంది.